పాత చెక్క సామాను: వయసు ఎలా పట్టాలి, విలువ ఎలా కట్టాలి, బాగు చేయించాలా వద్దా

మా అమ్మమ్మ భోషాణం మూత లోపలి వైపు నల్ల రంగుతో ఒక పేరు, దాని పక్కన ‘పింగళ’ అన్న మాట రాసి ఉండేవి. చిన్నప్పుడు మూత ఎత్తినప్పుడల్లా చదివేదాన్ని. అమ్మమ్మ పోయాక పెట్టె మా ఇంటికి వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయి ఉందని ఒక పాలిష్ షాపుకి ఇచ్చాం. నాలుగు రోజుల్లో నిగనిగలాడుతూ తిరిగి వచ్చింది. మూత ఎత్తి చూస్తే నున్నటి చెక్క తప్ప ఏమీ లేదు. మెషీన్ పెట్టి లోపలా బయటా ఒకే తీరున గీకేశారు. ఆ పేరు ఎవరిదో ఇప్పుడు చెప్పగలిగిన వాళ్ళు ఎవరూ లేరు.

అప్పటి నుంచి పాత సామాను ఏది కనిపించినా ముందు బోర్లించి చూడటం నాకు అలవాటైంది. పందిరి మంచం కానీ, పడక కుర్చీ కానీ, ఉయ్యాల బల్ల కానీ, మీ ఇంట్లో ఏది ఉన్నా పాలిష్ వాళ్ళకి ఫోన్ చేయకముందు ఈ పనులన్నీ చేయండి. ఒక ఆదివారం చాలు.

1. తుడవకుండా, కడగకుండా చూడండి

టార్చిలైటు, కొలత టేపు, చిన్న అయస్కాంతం, భూతద్దం, ఫోన్ కెమెరా దగ్గర పెట్టుకోండి. సామాను మీద ఉన్న మట్టిని అప్పుడే ముట్టుకోవద్దు. ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. తర్వాత ఇద్దరు పట్టి నెమ్మదిగా పక్కకి వాల్చి అడుగు భాగం, వెనక భాగం, సొరుగుల లోపలి వైపు తీయండి.

పైన కనిపించే చెక్కకి పదిసార్లు పాలిష్ పడి ఉంటుంది. అడుగు భాగాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. రంపపు గీతలు, బాడిస దెబ్బలు, వడ్రంగి వేసుకున్న గుర్తులు అక్కడే మిగులుతాయి. విడదీసి మళ్ళీ బిగించే పందిరి మంచాల కోళ్ళ (కాళ్ళ) మీద, పట్టెల మీద ఏది ఎక్కడ కూర్చోవాలో తెలియడానికి ఉలితో చెక్కిన గీతలు గానీ ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు గానీ కనిపిస్తే వాటి ఫొటో తప్పకుండా తీయండి.

2. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, తారీఖు కోసం కాదు

“ఇది ఎన్నేళ్ళ నాటిది?” అని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒక్కటే: “ఓ వందేళ్ళు ఉంటుంది.” దానివల్ల ఉపయోగం లేదు. “ఇది ఎవరి పెళ్ళిలో సారెగా వచ్చింది?” అని అడగండి. పెళ్ళి ఏడాది శుభలేఖలోనో, మొదటి బిడ్డ పుట్టిన తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తేనో దొరుకుతుంది. కోస్తా వాళ్ళయితే “1977 దివిసీమ ఉప్పెనకి ముందు ఉందా?”, “1986 గోదావరి వరదలో ఇది మునిగిందా?” అని, తెలంగాణ వాళ్ళయితే “1948 పోలీసు చర్య నాటికి ఇంట్లో ఉందా?” అని అడగండి. మనుషులకి అంకెలు గుర్తుండవు. ఆ రోజు మంచం మీద ఎవరు కూర్చుని ఏడ్చారో గుర్తుంటుంది.

చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, రికార్డు చేసుకోండి. ఆ తర్వాత చెక్క చెప్పేదానితో పోల్చండి. రెండూ పొసగకపోతే చెక్కనే నమ్మండి.

3. చెక్క ఏదో తేల్చుకోండి

పాలిష్ లేని చోట చిన్నగా గీరి చూడండి. టేకు అయితే బంగారు రంగు కలిసిన గోధుమ వర్ణం, కాస్త జిడ్డుగా తగిలే స్పర్శ, తోలు వాసనని గుర్తుచేసే వాసన. జిట్టేగి, అంటే రోజ్‌వుడ్, ఊదా కలిసిన ముదురు రంగులో నల్లటి చారలతో ఉంటుంది. బరువు కూడా ఎక్కువ. కుర్చీని ఒంటి చేత్తో ఎత్తగానే తేడా తెలుస్తుంది. పనస మొదట పసుపు పచ్చగా ఉండి ఏళ్ళు గడిచే కొద్దీ ఎర్రటి గోధుమకి తిరుగుతుంది. మామిడి తేలిక, పాలిపోయిన రంగు, పురుగు త్వరగా పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం చేవ. చెట్టు నడిమి చెక్క చేవదేరి ముదురు రంగులో ఉంటుంది, బెరడు కింది తెల్ల చెక్క మెత్తన. పాత పనివాళ్ళు మంచి సామానుకి తెల్ల చెక్క తీసేసి చేవ మాత్రమే వాడేవాళ్ళు. వస్తువులో తెల్ల చారలు ఎక్కువుంటే తక్కువ ఖర్చుతో చేయించినదని అర్థం. పురుగు కూడా ముందు అక్కడే పడుతుంది.

ఇంకో మాట. ప్రతి ఇంట్లోనూ పాత టేకుని “బర్మా టేకు” అంటారు. రంగూన్, మౌల్మీన్ రేవుల నుంచి మన తీరానికి టేకు వచ్చిన మాట నిజం. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కూడా. 1942లో జపాన్ సేనలు బర్మాని ఆక్రమించాక ఆ రాకపోకలు తెగిపోయాయి. కానీ ఆదిలాబాద్ అడవుల్లో, గోదావరి ఏజెన్సీలో మన టేకు కూడా బోలెడు ఉండేది. ఏ అడవి టేకో కంటితో తేల్చడం చాలా కష్టం. ఆ పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే రుజువు అడగండి.

4. కీళ్ళు, మేకులు, రంపపు గీతలు

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. ఒక వస్తువు తనలోని అసలు భాగాలన్నిటిలో కొత్తదానికన్నా పాతది కాలేదు. ‘అసలు’ అన్న మాట ముఖ్యం. తర్వాత మరమ్మతులో వచ్చి చేరినవి లెక్కలోకి రావు.

మేకుల సంగతి చూద్దాం. కమ్మరి కొట్టిన మేకు నాలుగు పలకలుగా ఉండి కొసకి సన్నబడుతుంది, తల వంకరటింకరగా ఉంటుంది. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివర్లో విరివిగా రావడం మొదలైంది. అయితే పలకల మేకు కనబడగానే 200 ఏళ్ళని సంబరపడకండి. మన పల్లెల్లో కమ్మరి కొలిమి మేకులు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి.

స్క్రూ ఒకటి విప్పి చూడగలిగితే మంచిది. కొస మొద్దుగా, మరలు ఎగుడుదిగుడుగా, తల మీది గాడి నట్టనడుమ కాకుండా పక్కకి ఉంటే అది 19వ శతాబ్దపు మధ్యకాలం కన్నా ముందరి చేతిపని కావచ్చు. సూదిలాంటి మొన ఉంటే ఆ తర్వాతది. తల మీద ప్లస్ గుర్తు ఉంటే ఆ రకం స్క్రూ 1930లలో అమెరికాలో పుట్టింది. అది అసలు స్క్రూయే అయితే వస్తువు మీ తాతగారి తాతగారిది అయ్యే అవకాశమే లేదు.

రంపపు గీతలు చాపంలా వంపు తిరిగి ఉంటే గుండ్రటి మిల్లు రంపం. తిన్నగా, అక్కడక్కడా ఎడం మారుతూ ఉంటే ఇద్దరు మనుషులు పైనా కిందా నిలబడి లాగిన రంపం. అలాంటి చేతి కోత కూడా మన దగ్గర 20వ శతాబ్దంలోకి బాగా నడిచింది కాబట్టి దీన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోవద్దు.

కీలు ఎలా కూర్చారో చూడండి. ఒక చెక్క చివర చెక్కిన కుసి రెండో చెక్క బెజ్జంలో దిగి, పైనుంచి చెక్క సీల పడి ఉంటే అది నమ్మకమైన పాత పద్ధతి. సొరుగు మూలల్లో పావురం తోక ఆకారపు కోతలు ఒక్కొక్కటీ కొద్దిగా తేడాగా ఉంటే చేతిపని, అచ్చు గుద్దినట్టు ఉంటే మెషీన్ పని. వెనక ప్లైవుడ్ ఉంటే, అది తర్వాత మార్చినది కాకపోతే, దాదాపు 20వ శతాబ్దపు మధ్యభాగం తర్వాతిదే. కీలులో తెల్లటి జిగురు కనబడితే, ఫెవికాల్ మార్కెట్లోకి వచ్చింది 1959లో అని గుర్తు చేసుకోండి. అంతకు ముందు వాడింది తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. అది ముదురు రంగులో పెళుసుగా, గాజు ముక్కలా విరుగుతుంది.

నాకు బాగా నచ్చే పరీక్ష మాత్రం వేరు. చెక్క ఏళ్ళ తరబడి ఎండుతూ అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవునా దాదాపు కుంచించుకోదు. అందుకే గుండ్రటి బల్ల ఉపరితలాన్ని రెండు దిక్కులా కొలిస్తే కొద్దిగా తేడా వస్తుంది. టేకులో ఈ తేడా తక్కువే గానీ టేపు పట్టిన చేతికి దొరుకుతుంది. రెండు వైపులా అచ్చంగా ఒకే కొలత ఉండి, అమ్మేవాడు 150 ఏళ్ళంటే నేను ఇంకోసారి ఆలోచిస్తాను.

5. రాతలు చదవండి

ఇది మన ఇళ్ళ సామానుకి దొరికే వరం, చాలామంది వదిలేస్తారు.

తెలుగు సంవత్సరం పేరు ఉంటే 60 ఏళ్ళ చక్రంలో పెట్టి చూడండి. ప్రభవ 1927–28లో వచ్చింది, మళ్ళీ 1987–88లో. మా భోషాణం మీది పింగళ ఆ వరసలో 51వది. అంటే 1917–18 గానీ 1977–78 గానీ. అమ్మమ్మ తన చిన్నతనంలో ఆ పెట్టె ఎక్కి ఆడుకున్నానని చెప్పేది కాబట్టి రెండోది కొట్టేయొచ్చు. ఇంకో చక్రం వెనక్కి, 1857–58కి పోదామా అంటే, దాని అడుగున గుండ్రటి తీగ మేకులు ఉన్నాయి, అవీ మొదటి నుంచీ ఉన్నవే. అలా 1917–18 దగ్గర ఆగాం.

నిజాం ఇలాకా సామాను మీద, జమీందారీ కచేరీ సామాను మీద నాలుగంకెల ఏడాది 1300 దాటి కనిపిస్తే కంగారు పడకండి, అది ఫసలీ, అంటే శిస్తు లెక్కలకి వాడిన సంవత్సరం, అయి ఉంటుంది. 590 కలపండి. ఫసలీ 1340 అంటే 1930–31.

సొరుగు అడుగున పరిచిన పాత పేపరు తారీఖు పేపరుది, సొరుగుది కాదు. కాకపోతే ఆ పేపరు చెక్కకి అంటుకుపోయి ఉంటే సొరుగు అంతకన్నా కొత్తది కాదని చాలావరకు చెప్పొచ్చు. తాళం మీది పేరు చూడండి. గోద్రెజ్ తాళాల తయారీ 1897లో మొదలైంది. వంచిన చెక్కతో చేసిన హోటల్ కుర్చీల సీటు అడుగున ‘మేడ్ ఇన్ చెకోస్లొవేకియా’ అన్న కాగితం ఉంటే, ఆ దేశం ఏర్పడిందే 1918లో. ఇత్తడి పువ్వులకి అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఇనుము మీద పూత.

6. అతుకుల బొంతలు

తమిళనాడులోని కారైకుడి లాంటి చోట్ల పాత సామాను వ్యాపారం చాలా పెద్దది. మనవాళ్ళు కూడా వెళ్ళి కొంటుంటారు. అక్కడైనా, మన ఊళ్ళోనైనా పాత గుమ్మాలు, స్తంభాలు కోసి కొత్తగా చేసిన బల్లలు ఉంటాయి. వాటిలో చెక్క పాతదే, వస్తువు కొత్తది. అదే మాట చెప్పి అమ్మితే తప్పేమీ లేదు, బాగుంటాయి కూడా. పురాతన వస్తువు ధర అడిగితేనే మోసం. ఏ పనీ లేని ఖాళీ బెజ్జాలు, లప్పం పెట్టి పూడ్చిన రంధ్రాలు, ఎవరి చెయ్యీ తగలని చోట అరుగుదల, రోజూ పాదం ఆనే అడుగుపట్టె మాత్రం పదునుగా ఉండటం, పైభాగానికీ కింది భాగానికీ చెక్క తేడా… ఇలాంటివి చూసుకోండి.

7. విలువ మూడు రకాలుగా కట్టండి

మొదటిది చెక్క విలువ. ఇంతకన్నా తక్కువకి మీ సామాను ఎవరికీ ఇవ్వొద్దు. లెక్క ఇలా: 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తున్న భోషాణం, అంగుళం మందం చెక్కలు అనుకుందాం. ముందూ వెనకా కలిపి 30 చదరపు అడుగులు, పక్కలు రెండూ 15, మూత, అడుగు కలిపి 25. మొత్తం 70. మందం అడుగులో పన్నెండో వంతు కాబట్టి 12తో భాగిస్తే సుమారు 5.8 ఘనపుటడుగులు. మీ ఊరి అడితిలో పాత టేకు ఘనపుటడుగు ఎంతకి కొంటున్నారో అడిగి దానితో గుణించండి. అమ్మే ధర కాదు, వాళ్ళు కొనే ధర అడగాలి. ఇంటికొచ్చి “పాత చెక్కే కదమ్మా” అని చేతిలో నాలుగు నోట్లు పెట్టేవాళ్ళ ముందు ఈ ఒక్క అంకె మిమ్మల్ని కాపాడుతుంది.

రెండోది వాడకపు విలువ. అదే కొలతల్లో, అదే చెక్కతో ఇవాళ కొత్తది చేయించడానికి మేస్త్రీని ఎంత అవుతుందో అడగండి. మామూలు బల్లలు, మంచాలకి న్యాయమైన ధర చాలావరకు చెక్క విలువకీ ఈ అంకెకీ మధ్య తేలుతుంది.

మూడోది అరుదు. మంచి చెక్కడం, ఎవరిదో తెలిసిన చరిత్ర, చెక్కుచెదరని పాత పైపూత, జత విడిపోని కుర్చీలు విలువని పెంచుతాయి. కాలు మార్చడం, కొత్త పిడులు, మెషీన్ గీకుడు తగ్గిస్తాయి. ఇక్కడ అడిగే ధరలు చూసి మోసపోవద్దు, నిజంగా అమ్ముడైన ధరే లెక్క.

18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు జిట్టేగి మీద ఏనుగు దంతం పొదిగి, దాని మీద సన్నని గీతలు చెక్కి నల్ల లక్క నింపి చేసిన సామాను ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మన తెలుగు చేతులు చేసిన అంత గొప్ప పని గురించి మన పిల్లలకి తెలియకపోవడం నాకు నిజంగా బాధ. మీ ఇంట్లో దంతం పొదిగిన పెట్టె ఏదైనా ఉంటే మాత్రం ధర గురించి ఆలోచించకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగు దంతం కొనడం, అమ్మడం నేరం.

అమెరికాలో ఉన్న పిల్లలకి తాతగారి మంచం పంపాలనుకునేవాళ్ళు కూడా ఆగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన కళావస్తువులని, కట్టడాల నుంచి ఊడదీసిన భాగాలని దేశం దాటించడం సొంతంగా చేయకూడని పని. అంత వయసు లేదనుకుంటే భారత పురావస్తు సర్వే శాఖ నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. జిట్టేగి అయితే ఇంకో చిక్కు. ఆ జాతి చెట్లన్నీ 2017 జనవరి నుంచి సైటీస్ ఒప్పందం (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసేది) జాబితాలో ఉన్నాయి. 10 కిలోలు దాటిన సరుక్కి అనుమతి కావాలి. ఇవన్నీ దాటి పంపినా, కాకినాడ గాలికి అలవాటుపడిన చెక్క చలికాలం హీటర్ వేసిన ఇంట్లో ఒక్క ఏడాదిలో నెర్రెలు విచ్చొచ్చు.

8. బాగు చేయించాలా?

ముందు పురుగు సంగతి తేల్చండి. వస్తువు కింద నల్ల కాగితం పరిచి రెండు వారాలు కదపకుండా ఉంచండి. దాని మీద కొత్తగా పిండి రాలితే పుచ్చు పురుగు ఇంకా బతికే ఉంది. రాలకపోతే ఆ రంధ్రాలు ఎప్పటివో, వాటిని అలాగే వదిలేయొచ్చు. చెదకి పిన్నీసు చాలు. కోళ్ళ అడుగున, గోడకి ఆనిన వైపు గుచ్చి చూడండి. తెల్ల చెక్క వరకే పోతే బతికించొచ్చు. పిన్నీసు చేవలోకి కూడా సులువుగా దిగిపోతే ఆ భాగానికి ఆశ లేదు.

తర్వాత ఊపి చూడండి. కీళ్ళు వదులైతే అది బాగు చేయించాల్సిందే, లేకపోతే ఎవరైనా కూర్చున్న రోజు విరుగుతుంది. కానీ మేకు కొట్టించకండి. వదులైన కుసికి మేకు కొడితే రెండేళ్ళలో ఆ చోట చెక్క చీలుతుంది. కీలు విప్పి, పాత జిగురు గోరువెచ్చటి నీళ్ళతో మెత్తబరిచి తీసి, మళ్ళీ అతికించాలి. పాత జిగురు మీదే ఫెవికాల్ పోస్తే సరిగ్గా పట్టదు.

వానాకాలంలో సొరుగు బిగిసిందని చిత్రిక పట్టించొద్దు. మాఘమాసం దాకా ఆగండి, దానంతట అదే వదులవుతుంది. తొందరపడి గీయిస్తే ఎండాకాలంలో ఆ సొరుగు గలగలలాడుతుంది.

ఇక పైపూత. కనపడని చోట దూదితో స్పిరిట్ అద్దండి. జిగటగా కరిగితే లక్క పాలిష్. దాన్ని గీకాల్సిన అవసరమే ఉండదు, శుభ్రం చేసి పైన మరో పలచటి పూత వేస్తే చాలు. స్పిరిట్‌కి కరగక థిన్నర్‌కి కరిగితే లక్కర్, పేరు దగ్గరగా ఉన్నా ఇది లక్క కాదు, ఫ్యాక్టరీ పూత. రెండిటికీ లొంగకపోతే తర్వాతి కాలంలో ఎవరో మెలమైనో, పీయూనో (పాలియురెథేన్), అలాంటి గట్టి రసాయన పూత కొట్టించారని అనుకోవచ్చు. అప్పుడు పాత ఉపరితలం ఎలాగూ పోయింది, మీకు నచ్చినట్టు చేయించుకోండి. పెయింటు వేసిన వస్తువైతే ఉప్పుకాగితంతో పొడిగా రుద్దొద్దు. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. మన దేశంలో పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల వంతుల్లో 90కి) పరిమితం చేసిన నియమం 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పాత పూత, రాతలు, చెక్కడం మిగిలి ఉన్న వస్తువుకి కీళ్ళు మాత్రం గట్టి చేయించి ఆపేయండి. రోజూ వాడే మామూలు బల్ల, పూత ఎప్పుడో పోయినది, రాతలేమీ లేనిది అయితే నిశ్చింతగా కొత్త పాలిష్ వేయించుకోండి. మరమ్మతు ఖర్చు అలాంటి కొత్త వస్తువు ఖర్చుని దాటితే, మీ ప్రాణం దాని మీద ఉంటేనే చేయించండి. చేవ తినేసిన మంచానికి డబ్బు పెట్టొద్దు. తలవైపు చెక్కడం, ఇత్తడి సామాను విప్పి దాచుకోండి.

9. పనివాళ్ళకి ఇచ్చే ముందు

సామాను షాపుకి పంపకండి, వీలైతే పనినే ఇంటికి పిలవండి. మాటలు ముందే తేల్చుకోండి: “ఆచారి గారూ, మెషీన్ పెట్టొద్దు. లోపలి వైపు, అడుగు భాగం ముట్టుకోవద్దు. వాల్‌నట్ రంగు వేయొద్దు. విప్పిన పాత స్క్రూలు, బందులు పారేయకుండా నాకే ఇవ్వండి.” ఈ నాలుగూ కాగితం మీద రాసి ఇచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు. మంచి పనివాళ్ళయితే సంతోషిస్తారు కూడా, వాళ్ళకి పాత పని మీద గౌరవం ఉంటుంది.

మీరే శుభ్రం చేసుకోవాలంటే మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. ఆరాక తేనె మైనాన్ని టర్పెంటైన్‌లో కరిగించి పలచగా రుద్దండి. కరిగించేటప్పుడు మంట మీద నేరుగా పెట్టకండి, పొయ్యి ఆర్పి వేడి నీళ్ళ గిన్నెలో ఉంచండి. కొబ్బరి నూనె వద్దు, దుమ్ము పడుతుంది. అవిసె నూనె వాడిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి.

చివరగా ఒక కవరు తీసుకోండి. ఫొటోలు, పెద్దవాళ్ళు చెప్పిన మాటలు, మీరు పట్టిన వయసు, ఏ ఏడాది ఏ మరమ్మతు జరిగిందో రాసి అందులో పెట్టి సొరుగులోనో పెట్టె అడుగునో ఉంచండి. అమ్మితే కొనేవాళ్ళకి, అమ్మకపోతే మీ పిల్లలకి పనికొస్తుంది. మా భోషాణంలో కూడా ఒకటి ఉంది. దాని మీద ‘పింగళ, 1917–18’ అని రాశాను. పేరు దగ్గర ఖాళీ వదిలాను.